గెలావేజ్ దవడ నొప్పి

అనుమానించకుండా గెలావేజ్‌కి పొద్దు గడవదు. సులైమానీ పట్నంలో వాళ్ల వీధి పెళ్లికూతుళ్లందరికీ ఆవిడే బట్టలు కుట్టింది, పెళ్లికొడుకులందరినీ ఆవిడే అనుమానించింది. అలాంటి మనిషికి, కోడలు ష్నో ఇంట్లో అడుగుపెట్టిన కొన్నాళ్లకే కుడి దవడ కటుక్కుమనడం మొదలైతే ఇంకేం కావాలి?

"ఆ పిల్ల రొట్టెలు చూడవే, అచ్చం చెప్పు అట్టలు! నా నోరు పడిపోవాలనే కాలుస్తోంది," అంది పొరుగింటి నాస్క్‌తో.

"నీ నోరు పడిపోతే వీధంతా హల్వా పంచుకుంటుంది గానీ, పాపం ఆ పిల్లకేం తెలుసే?"

"నీకు తెలీదు. నెమ్మదిగా ఉండేవాళ్లనే నమ్మకూడదు."

ఇలా అంటున్నప్పుడు కూడా ఆవిడ కుడి బుగ్గలో బనేష్త్ ముద్ద ఉంది. కొండ పిస్తా చెట్టు జిగురు అది. నమాజుకీ నిద్రకీ తప్ప దాన్ని నోట్లోంచి తీయదు. పంటికీ కడుపుకీ అదే మందని వాళ్లమ్మ చెప్పింది. అందుకే నొప్పి పెరిగినకొద్దీ ఇంకా పెద్ద ముద్ద వేసుకుని నమిలింది. మందు పనిచేయడం లేదంటే ఎవరో ఏదో కలుపుతున్నారని తేల్చుకుని, కోడలి వంట మానేసింది. సావర్ అనే గోధుమ నూక తానే మెత్తగా ఉడికించుకుంది. ఉప్పు డబ్బాకి కూడా తాళం వేసింది.

"అత్తయ్య నన్ను విషం పెట్టేదానిలా చూస్తోంది. నేను మా నాన్న దగ్గరికి పోతా," అని ష్నో మొగుడు హేమిన్‌తో అనడం గెలావేజ్ తలుపు చాటునుంచి వింది. పోతే పోనీ అనుకుంది గానీ, పోట్లాడటానికైనా ఇంట్లో మనిషుండాలి కదా.

ఆ వారమే దవడ బిగుసుకుపోయింది. హేమిన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏం నములుతారమ్మా?"

"ఏం నమలను తల్లీ! నెల్రోజుల్నించి రొట్టె ముక్క ముట్టలేదు."

"మరి ఆ బుగ్గలో?"

"అదా? అది మందు."

"పొద్దస్తమానం, అదీ ఒకే పక్క నమిలితే దవడ కీలుకి విశ్రాంతి ఏదమ్మా? ముందు దాన్ని ఆపండి. మెత్తనివి తినండి, కాపడం పెట్టుకోండి, చూద్దాం."

ఈ డాక్టరు కోడలి చుట్టమేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ రొట్టె మానేశాకే నొప్పి ఎక్కువైందన్న సంగతి ఆవిడకే తట్టింది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత కోడలు భోజనానికి నేలమీద పరిచిన సుఫ్రా గుడ్డ ముందు కూర్చుంది. "రొట్టె మజ్జిగలో నానేసి పెట్టవే తల్లీ. తప్పంతా నాదే," అంది.

ష్నో నానబెట్టింది. గిన్నె అత్త ముందు పెట్టబోయి ఆగి, ఒక ముక్క తన నోట్లో వేసుకుంది. నమిలి మింగి నోరు తెరిచి చూపించింది.

"చూశారుగా అత్తయ్యా, నాకేం కాలేదు. ఇంక మీరు తినండి."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, భయమే ఉంది. గెలావేజ్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "నాకు నమ్మకమేనే, అలా చేయకు," అని బతిమాలింది.

ష్నో తలూపింది. మర్నాడు పొద్దున టీ కూడా ముందు తాను ఒక గుక్క తాగాకే అత్తకిచ్చింది.