సరంగు కన్ను

చనుబాల వాసన నాకు పడదు. తల్లినయ్యాక కూడా పడలేదు. దానికి కారణం మా అమ్మమ్మ.

మా నాన్న కోటిపల్లి రేవులో లాంచీ నడిపే సరంగు. పొగమంచులో కూడా ఇసుక మేటలు పసిగట్టి తప్పించే మనిషికి యాభై దాటగానే కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకంట్లోనూ మొదలైంది. కాకినాడలో కళ్ళు పరీక్షించిన డాక్టరు ఈ చూపుతో చుక్కాని పట్టకూడదని ఫిట్‌నెస్ కాగితం ఆపేశారు.

శుక్లం తీసేసి సోడాబుడ్డి అద్దాలిస్తే పక్కనుంచి వచ్చే పడవ సరిగ్గా కనపడదట. కన్ను లోపలే చిన్న అద్దం అమర్చే ఆపరేషను అప్పుడప్పుడే వస్తోంది. కుడికంటికి అది చేయించుకోవడానికి నాన్న మద్రాసు దాకా వెళ్ళారు. కట్టు విప్పగానే గోడమీది చిన్న అక్షరాలు చదివి పకపకా నవ్వారు. గాయం మానాక ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళవచ్చనీ, తామిచ్చిన చుక్కలమందు తప్ప కంట్లో ఏదీ పడకూడదనీ అక్కడి డాక్టరు గట్టిగా చెప్పి పంపారు.

ఇంటికి రాగానే పరామర్శల దండు దిగింది. నోట్లో చుట్ట తీయకుండానే నాన్న మొహం మీదికి వంగి, "ఏదండీ, లోపలి అద్దం కనపడుద్దేమో చూద్దాం" అంటూ బొటనవేలితో రెప్ప లాగేవారు. ఛీ! వాళ్ళని గెంటేయాలనిపించేది. నాన్న మాత్రం ప్రతివాడికీ కన్ను చూపించి, కాఫీ ఇప్పించి పంపేవారు.

అమ్మమ్మకు అది చాలలేదు. "కన్నెర్రబడిందండి అల్లుడుగారూ. మద్రాసు మందులు వేడండి. చనుబాలైతే చలవ చేస్తాయి" అంది. పక్కింటి బాలింత చేత పాలు పిండించి, అందులో నందివర్ధనం పూలు నలిపి, ఉగ్గుగిన్నెతో పట్టుకొచ్చింది. కాసేపటి కిందట పేడ ఎత్తిన చేతులవి. గోళ్ళసందుల్లో ఇంకా పేడ ఉంది. నేను వద్దని అడ్డం వెళ్ళాను.

"ఆయ్, వేసెయ్యండి అత్తయ్యగారూ" అని నాన్న తల వెనక్కి వాల్చారు. అత్తగారి మాట కాదనే అల్లుడు మా వైపు ఇంకా పుట్టలేదు.

రెండోనాటికి కన్ను ఉబ్బిపోయింది. రెప్పల సందులోంచి పచ్చటి చీము కారి దిండుకు అంటుకుంది. ఆ దిండులోంచి పులిసిన చనుబాల కంపు కొట్టింది. కాకినాడ తీసుకెళ్తే ఆ కంటికిక చూపు రాదన్నారు. సరంగు పని అక్కడితో సరి. లాంచీ ఓనరు జాలిపడి రేవులో తాడు కట్టే పని ఇచ్చాడు.

"ఆ గాజుముక్క పడలేదండి. ముందే అనుకున్నాను" అని అమ్మమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది. ఆమె ముఖం చూడాలంటేనే నాకు రోత పుట్టేది.

కొన్నాళ్ళకు మళ్ళీ గిన్నెతో వచ్చింది. "ఎడంకన్నయినా దక్కించుకుందామండి అల్లుడుగారూ" అంది. నేను ఆ గిన్నె లాక్కుని పెరట్లోకి విసిరికొట్టాను.

నాన్న మొహం ఎర్రబడింది. "పెద్దావిడతో ఇదేనా పద్ధతి? సిగ్గులేదూ?" అని నామీద కేకలేశారు. తర్వాత ఆమె వైపు తిరిగి చేతులు జోడించారు.

"ఏమనుకోకండి అత్తయ్యగారూ. చిన్నపిల్ల, తెలీక చేసింది. మళ్ళీ కలిపి పట్టుకురండి."