ఎదురు సీటు డాక్టరమ్మ

సాల్ట్ లేక్ బస్సులో మా ఎదురు సీట్లో కూర్చున్న పిల్ల సైకాలజీ డిగ్రీ సెకండియరట. కోల్‌కతాలో తెలుగు ఎవరికి తెలుస్తుందన్న ధీమాతో, ఫోన్లో స్నేహితురాలికి నా గురించే చెప్పేస్తోంది.

"ఇక్కడో ఆంటీ ఉందే. ఎక్కినప్పట్నించీ పక్కనున్న మొగుడితో ఒక్క మాట లేదు. క్లినికల్ పేపర్లో చదివాం చూడు, అచ్చం అదే. డిప్రెషన్."

ఒళ్లు మండింది. నాలుగు పాఠాలు బట్టీపట్టి బస్సంతటికీ రోగాలు పంచే మొహం!

"మందేటి రాస్తావమ్మా?" అన్నాను.

పిల్ల తెల్లబోయింది. ఫోన్ పెట్టేసి, తర్వాతి స్టాపులోనే దిగిపోయింది.

నవ్వుతూ మా ఆయన వైపు తిరిగాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కిటికీలోంచి చూస్తున్నారు. ఏమీ వినలేదు.

దిగేదాకా నేనూ పిలవలేదు.