మంట తగలని నారింజ వజ్రం

ఉంగరాలు అతికే పెద్దాయనకు ముప్పై ఏళ్ల పనితనం ఉన్నా, ఖరీదైన వజ్రం బల్ల మీదికొస్తే గుండెల్లో రాయి పడుతుంది. ఫ్యాను కట్టేస్తాడు, ఒళ్లో తోలుముక్క పరుచుకుంటాడు, అరచేతులు పదేపదే తుడుచుకుంటాడు. రాయి ఊడదీయనిదే మంట వెలిగించడు. ఆ సాయంత్రం ఒకావిడ నారింజరంగు వజ్రపుటుంగరం తెచ్చింది. ఉంగరం కమ్మీ అడుగున విరిగింది.

"రాయి తీయకుండానే అతకండి బాబాయిగారూ."

"ఈ వజ్రానికి పరీక్ష చేయించిన కాగితం ఉందామ్మా?"

"లేదండీ. పుట్టురంగే అన్నాడు అమ్మినతను."

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. పుట్టురంగైతే రాయి లోపలంతా ఉండాలి. ఇక్కడ అంచుల్లో గీతలు పడినచోట తెల్లగా మెరుస్తోంది. అంటే పైపూత. మంట తగిలితే రంగు పోతుంది, రాయి మార్చేశాడన్న నింద తన మెడకు చుట్టుకుంటుంది.

"ఇది పూతమ్మా."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసండీ. తొందరపడి నేనే కొన్నాను, పూతని తర్వాత తెలిసింది. మీ మంటకే రంగు పోయిందని ఇంట్లో చెబుదామని ఉంగరాన్ని నేనే విరిచాను."

పెద్దాయనకు కోపం రాలేదు, భయమే వేసింది. "నా నోటికాడ కూడు తీద్దామనుకున్నావా తల్లీ?" అంటూ ఉంగరం ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఆవిడ ఉంగరాన్ని గుప్పిట్లో బిగించింది గాని కుర్చీలోంచి లేవలేదు.

"కాసేపు కూర్చోనివ్వండి బాబాయిగారూ," అంది గొంతు తగ్గించి. "మా ఆయన బయట బండి మీదే ఉన్నారు."