బాపు తెచ్చిన తంగేడుపూలు

మట్టల ఆదివారం నాడు కరీంనగర్‌లో మేం వెళ్లే చర్చి గేటు దగ్గర పిల్లలు నిలబడి, వచ్చిన వాళ్లందరికీ తలా ఒక ఈతమట్ట అందిస్తారు. ఈ ఏడు నా చేతికొచ్చిన మట్ట అప్పుడే కోసుకొచ్చినట్టుంది, తెగిన చోట తడి ఇంకా ఆరలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చిదోసకాయను గోటితో గిల్లినప్పుడు వచ్చే వాసన, దాని వెనకే సన్నగా పులుపు. లోపల పాట మొదలైంది, అందరూ మట్టలు ఊపుకుంటూ నడుస్తున్నారు. నేను మాత్రం మెట్‌పల్లి అవతల మా ఊరి ఈతవనంలో, లొట్టి మూతి మీద పొంగిన కల్లు నురగను వేలితో తీసి నాకుతున్న చిన్నపిల్లనైపోయాను.

మా బాపు రాజయ్య కల్లు గీసేవాడు. ఆయనా, ఆయన అన్న గంగయ్య పెద్దబాపూ కోడికూతతోనే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, కత్తులు నడుముకు కట్టుకుని వనంలోకి పోయేవాళ్లు. ఎండ ముదిరేసరికి లొట్టెల కావడితో తిరిగొస్తుంటే వాళ్ల కంటే ముందు ఈగలు, ఈగల కంటే ముందు వాసన మా వాకిట్లోకి వచ్చేవి. ఒకే పొడుగాటి పెంకుటిల్లు, రెండు గడపలు, మధ్యలో ఒకటే వాకిలి. ఆ వాకిట్లో నులకమంచం మీద మా నాయినమ్మ చుట్ట కాలుస్తూ, రెండిళ్ల కోళ్లనూ రెండిళ్ల కోడళ్లనూ ఒకే గొంతుతో అదిలిస్తూ కూర్చునేది. ఎండాకాలంలో తాటిముంజలు బొటనవేలితో తోడుకు తినడం, వానలు పడగానే చెల్కల్లో ఆరుద్రపురుగులు ఏరి అగ్గిపెట్టెలో దాచుకోవడం, మక్కకంకులు కాల్చిన బూడిద మూతులకు పూసుకోవడం, చలికాలం మంట చుట్టూ చేరి తాటిగేగులు ఉడకబెట్టుకుని పీచు పీచుగా చీల్చుకోవడం, పెద్దబాపు పిల్లలతో వాకిట్లో అష్టాచెమ్మ గీసుకుని చింతగింజల కోసం జుట్లు పట్టుకోవడం. ఇవే నా ఋతువులు. క్యాలెండరు అనేది ఒకటుంటుందని అప్పటికి నాకు తెలియదు.

బాపు కోపం మాత్రం ఏ ఋతువుకూ లొంగేది కాదు. జొన్న గటకలో ఉప్పెక్కువైనా, పిలిచిన పిలుపుకు మా అవ్వ, అంటే మా అమ్మ, వెంటనే పలకకపోయినా చెయ్యి లేచేది. అవ్వ ఏడుపు బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. నాయినమ్మ చుట్ట పొగ వదులుతూ అటు తిరిగి కూర్చునేది. ఒకసారి అవ్వ నన్ను చంకనెత్తుకుని పుట్టింటికి పోయింది. మా ఎల్లయ్య మామ అన్నం పెట్టించి, తెల్లారి తానే వెంటబెట్టుకొచ్చి మా గడపలో దించి, "మొగోడన్నంక కోపముండదా? జర ఓర్సుకో చెల్లే" అని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, వానాకాలం చివర, నానిన తాటిచెట్టు మీద నుంచి బాపు పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. ఊరి కట్టు వైద్యంతో గాయం పుండై, చీము పట్టి ఒళ్లు కాలిపోతుంటే, పెద్దబాపే బండి కట్టి, ఆ తర్వాత బస్సెక్కించి, ఎక్కడో దూరాన ఉన్న మిషన్ దవాఖానలో చేర్పించి వచ్చాడు. చలికాలమంతా బాపు అక్కడే ఉన్నాడు. ఇంట్లో అవ్వ బీడీలు చుట్టడం నేర్చుకుంది. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, చాట ముందు వంగిన అవ్వ మెడ, పక్కన కిరసనాయిలు దీపం. బాపు లేని ఇల్లు బోసిగా ఉండేది. చెప్పడానికి బాధగానే ఉంది కానీ, ప్రశాంతంగా కూడా ఉండేది.

బాపు కర్ర ఊతంతో, ఒక కాలు పొట్టిగా తిరిగొచ్చాడు. చంకలో చిన్న సువార్త పుస్తకం ఉంది. దవాఖానలో పక్కమంచం ఆయన దగ్గర అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాడట. వచ్చిన రెండోనాడో మూడోనాడో, గటక కుండ దించుతుంటే నా చెయ్యి జారి పగిలిపోయింది. నేను గోడకు అంటుకుపోయి కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే బాపు విరిగిన కాలు చాపుకుని కింద కూర్చుని, పెంకులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. "కాలుకు గుచ్చుకుంటది, జర ఆగు బిడ్డా" అన్నాడు. పొయ్యి దగ్గర అవ్వ చేతిలో పుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయనకు ఏమైందో చాలా రోజుల తర్వాత చెప్పాడు. దవాఖానలో ఒక ముసలి నౌకరు రోజూ బాపు పుండు కడిగి, మలమూత్రాలు ఎత్తి పోసేవాడట. ఒకనాడు బాపు సిగ్గుతో, "తాతా, నేను మంచోన్ని కాదు, నా పెండ్లాన్ని గొడ్డును కొట్టినట్టు కొడ్త" అని చెప్పేశాడట. "గా మాట ఇంటే నన్ను ఇడిసిపెట్టి పోతడనుకున్న. ఆయిన చేతులు ఆగలే. కడుగుకుంటనే 'గసొంటోల్ల కోసమే గదా ఏసయ్య వచ్చింది' అన్నడు." అవ్వ ఆకు కత్తిరిస్తూనే ఉంది.

ఎండాకాలం ముందు వాగులో నీళ్లుండగానే బాపు బాప్తిస్మం తీసుకున్నాడు. తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి పెద్దబాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు. "కాలు పాయె, ఇగ కులం గూడ పోగొట్టుకున్నవ్. మా పిల్లల పెండ్లిల్లు ఎట్లయితయిరా?" అని అరిచాడు. ఒకప్పుడైతే బాపు కత్తి తీసేవాడే. ఆ రోజు తల వంచుకుని, నీళ్లు కారుతూ నిలబడ్డాడు. తెల్లారేసరికి వాకిలి మధ్యలో తాటికమ్మల దడి లేచింది. నాయినమ్మ మంచం దడికి అవతల పడింది. ఇవతల చుట్ట వాసన మాత్రం వచ్చేది. పండగపూట ఆమె చేసే మలీదముద్దలు, సర్వపిండి దడి అవతలే మిగిలాయి. పెద్దబాపు పిల్లలు కమ్మల సందులోంచి నన్ను చూసి, పెద్దవాళ్లు పిలవగానే పారిపోయేవాళ్లు. అష్టాచెమ్మ నేను ఒక్కదాన్నే నలుగురి తరఫునా ఆడుకునేదాన్ని.

అవ్వ కోపం వేరు. "నాకు ఒక్కమాట చెప్పకుండ నీళ్లల్ల మునిగొచ్చినవ్" అని ఒక్కసారి అంది, మళ్లీ ఎత్తలేదు. ఆమె బొట్టు ఆమె పెట్టుకుంది, ఎల్లమ్మకు దీపం ఆమె పెట్టుకుంది. బాపు అడ్డం చెప్పలేదు.

కబురు పుట్టింటికి చేరింది. ఒకనాడు పొద్దున్నే ఎల్లయ్య మామ బండి కట్టుకుని వచ్చాడు. ఎడ్లను కూడా విప్పలేదు. "బండెక్కు చెల్లే. కిరస్తానం కలిసినోని ఇంట్ల నువ్వుండుడేంది? పిల్లను గూడ తీస్కో." ఇరుగుపొరుగు పోగయ్యారు. నేను బాపు కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఏ పక్కకు పోవాలో నన్నెవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు. బాపు అరుగు మీద నుంచి లేచి అవ్వ వైపు తిరిగాడు. "నర్సూ, పోతనంటే పో. నా దేవుని కోసం నీ మీద జబర్దస్తీ చెయ్య. పిల్లను మాత్రం అప్పుడప్పుడు సూపియ్యి" అన్నాడు.

అవ్వ చాట పక్కన పెట్టి, ఒళ్లో పడిన తంబాకు దులుపుకుని లేచింది. "అన్నా, నా ఈపు వాసినప్పుడు నీ ఇంటికొస్తె ఏమన్నవ్? ఓర్సుకో అన్నవ్. నువ్వే తోలుకొచ్చి ఈడ దించి పోయినవ్. ఇప్పుడు ఆయిన నా మీద చెయ్యెత్తుతలేడు. ఇప్పుడు బండి కట్టుకొని వచ్చినవా?"

మామ ఎడ్ల పగ్గాలు చేతికి చుట్టుకున్నాడు. "ఆయిన దేవుని కోసం నేను ఉంటలే. నా ఇంట్ల నేనుంటున్న. బువ్వ తినిపో" అని అవ్వ లోపలికి పోయింది. మామ తినలేదు. బండి తిరిగిపోయాక దడి అవతల నాయినమ్మ చాలాసేపు దగ్గుతూ ఉండిపోయింది.

ఆ ఏడు తంగేడు విరగబూసింది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నుంచి ఊరంతా పూల వేటే. గునుగు, కట్ల, బంతి, గుమ్మడిపూలు తాంబాళాల్లో గోపురాలై లేస్తుంటే, సద్దుల బతుకమ్మ నాటికి నువ్వులపొడి, పల్లీలపొడి, పెరుగన్నం వాసనలు ప్రతి ఇంట్లోంచీ వస్తుంటే, అవ్వ మాత్రం బీడీల చాట వదల్లేదు. తను పోతే ఎవరు ఏమంటారోనని భయం. ఆ మధ్యాహ్నం బాపు కనపడకుండా పోయాడు. పొద్దు వాలుతుండగా కర్ర పోటేసుకుంటూ, తల రుమాలు విప్పి అందులో తంగేడు, గునుగు మూటగట్టుకుని, కాళ్ల నిండా పల్లేరు గాయాలతో వచ్చి, మూట అవ్వ ముందు పెట్టాడు. "పేర్సుకో" అన్నాడు. అవ్వ మూటను చూసింది, ఆయన కాళ్లను చూసింది. తర్వాత నవ్వింది. బాపు వైపు చూసి మా అవ్వ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

చెరువు దగ్గర మేం బతుకమ్మ దించగానే ఆడవాళ్ల గుంపు మెల్లగా పక్కకు జరిగింది. ఎవరూ తిట్టలేదు, జరిగారంతే. మా బతుకమ్మ ఒక్కటే మట్టిలో మిగిలింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తిరగబోతుండగా, నాయినమ్మ గుంపులోంచి వచ్చి, మా తాంబాళం ఎత్తి తన బతుకమ్మ పక్కన పెట్టింది. "నా కోడలిది నా పక్కనుంటది. ఎవలకన్న తక్లీబైతే వాల్లే జరుగుండ్రి" అంది. ఎవరూ జరగలేదు. ఎవరో పాట అందుకున్నారు.

ఆ సంగతి ప్రార్థనామందిరం దాకా పోయింది. మందిరమంటే మట్టిగోడల గడ్డికప్పు, పేడతో అలికిన నేల, ఈతచాపలు. పక్క ఊళ్ల నుంచి వచ్చే ఇరవై ముప్పై మంది, వాక్యం చెప్పడానికి సైకిలు మీద వచ్చే ముసలి అయ్యగారు. ఆయన మంచివాడే. నాకు బెల్లం ముక్క ఇచ్చి పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. కానీ సంఘంలో గుసగుసలు పెరిగి ఆయన బాపును అడగాల్సి వచ్చింది.

"పూలు తెచ్చావటగా రాజయ్యా. అది విగ్రహానికి తెచ్చినట్టు కాదా?"

"నేను విగ్రహానికి తేలే అయ్యగారూ. నర్సుకు తెచ్చిన. ఇన్నేండ్లు దాన్ని ఏడిపిచ్చిన గాని, ఒక్కనాడు ఒక్క పువ్వు తెచ్చియ్యలే. తప్పైతే మీరు ఏడ కూసోమంటె ఆడ కూసుంట."

అయ్యగారు కొన్నాళ్లు గడప దగ్గర కూర్చోమన్నారు. ఏసయ్య జ్ఞాపకంగా పంచే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవద్దన్నారు. బాపు పోయి, చెప్పులు విడిచే చోటు పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. ముందు చాప మీద నుంచి నేను వెనక్కి తిరిగి చూస్తే, కళ్లతోనే ముందుకు చూడమన్నాడు. ఇంటికొచ్చాక నేనే అవ్వకు చెప్పాను. బీడీకి దారం చుడుతున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి. "పూల కోసమేనా?" అని అడిగింది. అవునన్నాను.

మళ్లీ రొట్టె విరిచే ఆదివారం నాడు, వాక్యం సగంలో ఉండగా మందిరం గుమ్మంలో నీడ పడింది. అవ్వ. పండగ చీర, నుదుటి మీద ఎప్పటంత పెద్ద బొట్టు. ఎవరినీ చూడకుండా వచ్చి బాపు పక్కన నేల మీద కూర్చుంది. ముందు వరసల్లో దగ్గులు వినపడ్డాయి. అయ్యగారు వాక్యం ఆపి, మళ్లీ అందుకున్నారు. రొట్టె పంచే వేళకు ఆయన పళ్లెం పట్టుకుని చాపల మధ్య నుంచి నడుచుకుంటూ గడప దాకా వచ్చారు. బాపు చెయ్యి చాపలేదు. అయ్యగారే వంగి ఆ చెయ్యి తీసుకుని అందులో రొట్టె పెట్టారు. అవ్వ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు.

"వచ్చే వారం నుంచి ముందుకు రా రాజయ్యా" అన్నారు చివరికి.

"ఇద్దరం ఈడనే కూసుంటం అయ్యగారూ" అన్నాడు బాపు. "మా ఇంటామెకు జర గాలి తగుల్తది."

అవ్వ బాప్తిస్మం తీసుకోవడానికి ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పట్టింది. తనంతట తానే అడిగి తీసుకుంది. బాపు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కోపం ఆయనలో పూర్తిగా చావలేదు. ఒక్కోసారి దవడలు బిగుసుకునేవి, అప్పుడు కర్ర తీసుకుని బయటికి నడిచేవాడు, పొలిమేర దాకా పోయి చల్లబడి వచ్చేవాడు. దడి రెండు వానలకు చీకిపోయి ఒరిగింది. దాన్ని మళ్లీ ఎవరూ నిలబెట్టలేదు. తీసెయ్యమనీ ఎవరూ అనలేదు. పెద్దబాపు బాపుతో మునుపటిలా మాట్లాడలేదు గానీ, ఎండాకాలం వస్తే మా గడప ముందు ముంజల గెల పెట్టి వెళ్లేవాడు.

పోయిన ఏడాది ఊరికి వెళ్లొచ్చాను. ఈతవనం ప్లాట్లయింది. వాగులో ఇసుక కూడా మిగల్లేదు. బీడీలు చుట్టే అరుగులు పోయి షట్టర్లు వచ్చాయి, గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడల మధ్య మా పెంకుటిల్లు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడానికి ఇద్దరిని అడగాల్సి వచ్చింది. మందిరం స్థానంలో రంగుటద్దాల చర్చి లేచింది, లోపల వరసగా కుర్చీలు. చాలా బాగుంది. వెనక ఉన్న సమాధుల్లో మా వాళ్లిద్దరివీ పక్కపక్కనే ఉన్నాయి, గడ్డి పెరిగి పేర్లు కనపడటం లేదు.

అవ్వ చివరి రోజుల్లో ఒకసారి అడిగాను, ఆ ఆదివారం ఏ ధైర్యంతో వచ్చావని. ఆమెకు అప్పటికి చాలా సంగతులు మరుపున పడ్డాయి, ఇది మాత్రం పడలేదు.

"ధైర్యమేంది బిడ్డా? మీ బాపు ఆడ ఒక్కడే కూసున్నడని నువ్వే చెప్పినవ్. పోయిన. ఆయిన జర జరిగిండు. కూసున్న."

పోయిన ఏడాది ఊళ్లో ఆ సమాధుల మీది గడ్డి పీకుతూ చాలాసేపు అక్కడే ఉన్నాను. చర్చి కాపలా కుర్రాడు వచ్చి, ఎవరికోసం వచ్చారమ్మా అని అడిగాడు. ఆ ఊళ్లో నన్ను బిడ్డా అని పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.