రెండో పిడి

తాళాలు తీసే పెద్దాయన్ని అందరూ టకటక బాబాయి అంటారు. పెట్టె కానీ, బీరువా కానీ, కారు కానీ, మూతబడ్డ దాన్ని తెరిచే ముందు వేళ్లతో తట్టడం ఆయన అలవాటు. "లోపలున్నవాళ్లు సర్దుకోవద్దూ?" అనేవాడు. జనం పగలబడి నవ్వేవారు. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా మళ్లీ తట్టేవాడు. ఈ పనిలోనే జుట్టు నెరిసింది గానీ, ఏనాడూ లోపలినుంచి జవాబు రాలేదు. రాకపోవడమే మంచిదనుకోండి.

ఆ మధ్యాహ్నం బట్టలు కుట్టే ఒకావిడ కబురు పెట్టింది. భర్త వాడిన పాత కారు వాకిట్లో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పైకి లేచే వెనక తలుపు బిగుసుకుపోయింది. బాబాయి అలవాటు కొద్దీ తట్టాడో లేదో, ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"తట్టొద్దు బాబాయ్, మీకు దణ్ణం పెడతా. మా ఆయన అలాగే పిలిచేవారు."

ఆయన చివరి రోజున ఆమె కుట్టుమిషను బాగుచేయించి, పెద్ద సంచిలో తెచ్చాడట. బరువు, ఇద్దరూ చెరో పిడి పట్టుకుని మోయాలి. అందుకే కారు వెనక నిలబడి తట్టాడు. ఈవిడ లోపల గుండీలు కుడుతూ, తనే తెస్తాడులే అని లేవలేదు. కాసేపటికి తలుపు మూసిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే మనిషి కారు పక్కన ప్రాణం పోయి పడి ఉన్నాడు. ఆనాటినుంచి ఆ తలుపు తెరుచుకోలేదు, ఈవిడ సూదిలో దారం ఎక్కించలేదు.

"సంచిని వెనక సీటు మీదుగా లాగేస్తే సరిపోదా అమ్మా?"

"వద్దు. ఆయన పిలిచిన చోటే నిలబడి అందుకోవాలి. ఆ రోజు వెళ్లలేదు కదా నేను."

 జీవితంలో మొదటిసారి బాబాయి మళ్లీ తట్టకుండా పనిలోకి దిగాడు. పక్క తలుపులోంచి దూరి, వెనక సీటు మడిచి, సంచి పక్కన ఒదిగి పడుకుని, తలుపు లోపలి అట్ట ఊడదీసి, కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో నెట్టాడు. ఊహూఁ, కదిలితేగా!

బయటినుంచి ఎవరో తట్టారు.

"ఉండమ్మా, తొందరపెట్టకు," అన్నాడు. మళ్లీ తట్టారు. తలెత్తి మురికి అద్దంలోంచి చూశాడు. వెనక ఎవరూ లేరు. ముందు అద్దంలోంచి చూస్తే, ఆవిడ ఎక్కడో వంటింటి గుమ్మంలో, మంచినీళ్ల గ్లాసుతో కొయ్యబారి నిలబడి ఉంది.  ఇన్నేళ్లూ తట్టింది తను, అనుకున్నాడు బాబాయి. ఇప్పుడు లోపలున్నది తను, సర్దుకోవలసిందీ తనే. స్క్రూడ్రైవరు వదిలేసి, సంచికి వీలైనంత దూరం జరిగి, మోకాళ్లు ముడుచుకున్నాడు.

గ్లాసు కింద పడింది. "వస్తున్నా! వస్తున్నానండీ!" అంటూ ఆవిడ పరిగెత్తుకొచ్చి తలుపు మీద చెయ్యి వేసింది. బాబాయి కొక్కేన్ని ముట్టుకోనేలేదు. తలుపు పైకి లేచింది.

ఆవిడ బాబాయి వైపు చూడను కూడా లేదు. సంచికున్న ఒక పిడి పట్టుకుని, "ఊఁ, ఎత్తండి," అంది మెల్లగా.

తననేమో అనుకుని బాబాయి చెయ్యి చాపాడు. అప్పటికే సంచి లేచింది. ఇంటి గుమ్మం దాకా ఏ పక్కకూ ఒరగకుండా ఆవిడతో పాటు వెళ్లింది, రెండో పిడి గాలిలో బిగుతుగా నిలబడి.