నాకు గుర్తులేని ఆ ఉదయం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, తల్లులారా! ఇదే మందిరంలో, ఇదే కిటికీ పక్కన నిలబడి నేను ఇంతకుముందు ఒకసారి సాక్ష్యం చెప్పాను. తాగుబోతు దేవదానాన్ని, అంటే నన్ను, దేవుడు సారా అంగడిలోనుండి ఎలా బయటికి లాగాడో చెప్పి, రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చేసి కూర్చున్నాను, మీరంతా ఆమెన్ అన్నారు. ఇప్పుడు ఎత్తడానికి నాకు ఒకటే చెయ్యి ఉంది. మొదటి సాక్ష్యమంత సులువుగా ఇది నోట రాదు, మధ్యలో ఆగిపోతే కొంచెం ఓర్చుకోండి.

నన్ను ఎరగనివారి కోసం చెబుతున్నాను. మాది మార్కాపురం దగ్గర పల్లె, నాకు పలకరాయి గనిలో పని. నేలలోనుండి తీసిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చాలి, ఆ పొరలే బడిపిల్లల పలకలవుతాయి. ఆ పనిలో నాకు మంచి పేరే ఉండేది, తాగుడులో అంతకన్నా పెద్ద పేరు ఉండేది! ఒకసారి మేకను అమ్ముకొని రమ్మని నా భార్య రూతమ్మ నన్ను బేస్తవారిపేట సంతకు పంపితే, మర్నాడు ఇంటికి వచ్చేసరికి మేకా లేదు, డబ్బూ లేదు, ఏం జరిగిందో చెబుదామంటే ఆ రోజు సంగతి ఒక్కటీ నా బుర్రలో లేదు. ఎంత ఆలోచించినా రాలేదు. మేక పోయినందుకంటే ఒక రోజుకు రోజు పోయినందుకు నాకు భయం వేసింది. ఆ భయంతోనే మన సంఘకాపరి అయ్యగారి దగ్గరికి పోయాను, మోకరించాను, బాప్తిస్మం పొందాను, సారా మానేశాను. దేవునికే మహిమ!

ఇక రాయి పడిన రోజు సంగతి. ఆ రోజు గురించి నేనేమీ చెప్పలేను సహోదరులారా, నాకు గుర్తులేదు! ముందురోజు రాత్రి కొర్రన్నం తిని, ప్రార్థన చేసుకొని పడుకున్నంతవరకు తెలుసు, ఆ తర్వాత తెలిసింది మిషను ఆస్పత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు. వానకు నానిన గట్టు మీదనుండి బండ జారిందనీ, నా తల పగిలిందనీ, కుడిచెయ్యి బండ కింద నలిగిపోయిందనీ, ఆ సమయంలో గుంతలో నేనూ మా మేస్త్రీ తప్ప ఎవరూ లేరనీ, మిగతా కూలీలు దిగివచ్చి నన్ను ఎద్దులబండి ఎక్కించారనీ, ఇదంతా ఇతరులు చెబితే విన్నదే. డాక్టరమ్మ మోచేతి కిందినుండి చెయ్యి తీసేసి నా ప్రాణం నిలబెట్టింది.

నేను లేచి కూర్చోగలిగిన రోజున రూతమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత అడిగింది.

"నిన్ను బండిలోనుంచి దించినప్పుడు నోరూ గుడ్డలూ అంతా సారా కంపే. తాగినావా?"

సహోదరులారా, "లేదు" అనాలని నోరు తెరిచాను. కానీ నాకేం తెలుసు? తాగి, తాగిన రోజును పోగొట్టుకున్నవాణ్ణి కదా నేను! సంతరోజు ఎలా మాయమైందో ఈ రోజూ అలాగే మాయమైంది, అదే చీకటి, అదే ఖాళీ. వాసన నా ఒంటి మీదే ఉందట. ఇక నేను తాగలేదని ఏ ముఖంతో చెప్పను? "తెలీదే" అన్నాను. ఆమె లేచి బయటికి పోయింది.

చెయ్యి పోయినందుకు నేను ఏడవలేదు, దానికి ఏడ్చాను! దేవుడు నన్ను విడిపించాడని ఊరంతా చెప్పుకొన్నాను కదా, ఆ విడుదలే అబద్ధమైతే నా దగ్గర ఇంకేం మిగిలింది? "తండ్రీ, నన్ను ఎత్తుకొన్నావనుకొంటిని, మధ్యలో వదిలేసినావా, లేక నేనే జారిపోయినానా, అదన్నా చెప్పు" అని ప్రార్థించాను. జవాబు లేదు. వారాలు గడిచినా లేదు. నేను కళ్లు మూసుకుంటే ఆ ఖాళీ రోజు కనబడేది, కళ్లు తెరిస్తే లేని చెయ్యి నొప్పి పెట్టేది. మా మేస్త్రీ మన సంఘంవాడే, ఆయన వచ్చి ఒక్క మాట చెబుతాడేమోనని చూశాను, ఆయన ఆస్పత్రి ముఖమే చూడలేదు. అది కూడా నాకు వ్యతిరేకంగానే లెక్క వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక గని యజమాని గుమాస్తా మా గుడిసె ముందుకు వచ్చాడు. పనిలో దెబ్బ తగిలినవానికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలని సర్కారు చట్టం ఉన్న మాట నిజమేననీ, కానీ తాగిన మైకంలో దెబ్బ తిన్నవానికి ఆ చట్టం దమ్మిడీ ఇప్పించదనీ, అయినా యజమాని దయగలవాడు గనుక తాగి ఉన్నానని ఒప్పుకొని వేలిముద్ర వేస్తే జొన్నలకు ఏదో ఇప్పిస్తాననీ చెప్పాడు. నేను తల వంచుకొని విన్నాను, తెలియని దానికి వేలిముద్ర మాత్రం వేయలేదు. పోతూ పోతూ నవ్వుతూ ఇంకో మాట అన్నాడు.

"అదే చచ్చిపోయి ఉంటే వేరే లెక్క. తాగి చచ్చినా సరే, పెండ్లానికి దుడ్లు ఇయ్యాల్సిందే. నీ అదృష్టం బాగుండి బతికినావు."

ఆ మాట నాలో ముల్లులా దిగింది. రూతమ్మ అప్పటికి పొద్దున్నే పోయి వేరుశనగ చేలో కూలి చేసి, వచ్చిన గింజలతో సంకటి చేసి నాకు పెట్టి, తనకు సరిపోయిందని అబద్ధం ఆడుతోంది. నేను బతికి ఉంటే ఆమెకు ఏమీ లేదు. ఈ గాయంతోనే చచ్చిపోతే ఆమెకు డబ్బు వస్తుంది. చట్టం గురించి నాకు అర్థమైంది అంతే! ఆస్పత్రికి కట్టు మార్పించుకోవడానికి పోవడం మానేశాను. ఆమె కూలికి పోగానే కట్టు విప్పి ఈగలు వాలినా ఊరుకొనేవాణ్ణి, సాయంత్రం ఆమె వచ్చేలోపల మళ్లీ చుట్టుకొనేవాణ్ణి. "దేవా, నా విడుదల ఎట్లనో పాడైపోయింది, నా చావన్నా ఎవరికైనా పనికి రానియ్యి, తొందరగా తీసుకో" అని ప్రార్థించాను. ఇలాంటి ప్రార్థన కూడా ఉంటుందా అని మీరు అనుకోవచ్చు. ఉంటుంది. నేను చేశాను, రోజూ చేశాను.

జ్వరం వచ్చింది, కట్టు వాసన వచ్చింది. రూతమ్మ కట్టు విప్పి చూసి, నా నోట సంగతి రాబట్టి, పల్లెంతా వినేలా అరిచింది.

"నువ్వు చస్తే వచ్చే దుడ్లు నేనేం చేసుకోవాల? వాటితో నీ మాదిరి సతాయించే మొగున్ని ఇంకొకన్ని కొనుక్కోవాలనా? తాగినావో లేదో దేవునికి తెలుసు. నాకు మాత్రం బతికి కావాల!"

మళ్లీ ఆస్పత్రికి ఈడ్చుకుపోయింది. మళ్లీ కోశారు, మళ్లీ కట్టారు. తిరిగి వచ్చాక అయ్యగారిని పిలుచుకొచ్చింది. అయ్యగారు మార్కాపురంలో ఒక వకీలును అడిగి తెలుసుకొని వచ్చి, నా మంచం మీదే కూర్చొని అంతా విడమరిచి చెప్పారు. యజమాని ఇచ్చేది ధర్మం కాదట, పని చేస్తూ ఉండగా ఆ పని వల్ల దెబ్బ తగిలితే, గట్టు జారింది యజమాని తప్పయినా కాకపోయినా, ఇచ్చి తీరవలసిందేనట. పనికి పోలేక మంచాన పడి ఉన్నన్ని నాళ్లకు కూలిలో సగం రావాలి, పోయిన చేతికి వేరే మొత్తం రావాలి. తాగి ఉన్నాడని యజమాని అంటే సరిపోదు, ఆ తాగుడు వల్లనే దెబ్బ తగిలిందని రుజువు కావాలి. కావాలని పుండు మురగబెట్టుకొని చచ్చినవానికి ఏ సర్కారూ లెక్క కట్టదు, దేవుడు అసలే ఒప్పుకోడు అని గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆయనే అర్జీ రాసి మద్రాసులో ఇలాంటి లెక్కలు తేల్చే అధికారికి పంపించారు.

ఇదంతా విని రూతమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. నాలో రాలేదు. "అయ్యగారూ, తాగినావా అని అడిగితే నేనేం చెప్పాల?" అన్నాను. "తెలిసింది చెప్పు" అన్నారు. "తెలిసింది ఏమీ లేదే!" అన్నాను. "అయితే అదే చెప్పు" అన్నారు. తెలియదంటే కడుపు నిండుతుందా, లేదని ఒక్క మాట చెప్పేస్తే నీ సొమ్మేం పోయింది అని విచారణకు పోయిన రోజు రూతమ్మ దారి పొడుగునా నన్ను పోరింది.

విచారణ కోసం మద్రాసు నుండి వచ్చిన అధికారి మార్కాపురంలో దొరలు దిగే ముసాఫరు బంగళాలో కూర్చున్నారు. ప్రమాణం చేయించే బంట్రోతు బైబిలు నా ముందు పెట్టి "కుడిచెయ్యి పెట్టు" అన్నాడు, తర్వాత నా మొండిచెయ్యి చూసి నాలుక కరుచుకున్నాడు. ఎడమచెయ్యి పెట్టాను. అధికారి అడిగారు, ఆ రోజు తాగి ఉన్నావా అని. వెనకనుండి రూతమ్మ నా అంగీ అంచు పట్టి లాగింది. "నాకు తెలియదు దొరా. తల పగిలింది. ఒకప్పుడు తాగేవాన్ని. ఆ పొద్దు తాగినానో లేదో నాకు తెలియదు" అన్నాను. గుమాస్తా నవ్వాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను సహోదరులారా, డబ్బు సంగతి కాదు, నా ఆత్మ సంగతి! నా నోటితో నేనే నా విడుదలను కొట్టేసుకున్నాను అనుకున్నాను.

అప్పుడు గుమాస్తా తన సాక్షిని పిలిచాడు. సారా అంగడి నడిపే గురవక్క! నేను బాప్తిస్మం తీసుకొన్నాక, మంచి గిరాకీని చెడగొట్టాడని అయ్యగారిని వీధిలో నిలబడి తిట్టిన మనిషి. దేవదానం నీ అంగడిలో తాగేవాడేనా అని గుమాస్తా అడిగితే అవునన్నదట, అంతమాత్రానికే సంబరపడి ఆమెను తీసుకొచ్చాడు. ఆమె కొంగు నడుముకు బిగించుకొని మొదలుపెట్టింది.

"తాగేవాడా? అబ్బో, వాని మాదిరి తాగినోన్ని నేను చూడలేదు దొరా! అది వీళ్ల గుళ్లో కలవకముందు. కలిసినాంక నా అంగడి పక్కకు తిరిగి చూస్తే ఒట్టు. రాయి పడిన పొద్దున గనికి పోతా ఉంటే నేనే పిలిచినాను, ఏందిరా దేవదానం, మీ దేవుడు ఇంకా నిద్ర లేవలేదులే, ఒక గుక్క తాగిపో అని. నవ్వినాడు. అక్కా, నీ దగ్గర నాకు కావాల్సింది నీళ్లొకటే, దప్పికైతాంది అన్నాడు. బాటలోనే వంగి దోసిలి పట్టినాడు, చెంబెత్తి పైనుంచి పోసినాను, తాగి పోయినాడు. సారా వాసన ఆమడ దూరాన పడతాను నేను, వాని కాడ చుక్క వాసన లేదు. పొద్దెక్కినాంక మేస్త్రీ ఉరుకుతా వచ్చినాడు, అంగీ అంతా నెత్తురే, సారా బుడ్డీ ఇయ్యక్కా, దేవదానం బండ కింద పడినాడు, నొప్పికి తాళలేకుండా ఉన్నాడు అని. ఇచ్చినాను. అయినా ఇంతమంది ఉన్నారే, ఒక్కరన్నా వచ్చి నన్ను అడిగినారా?"

ఎవరూ అడగలేదు! మేము ఆస్పత్రిలో అడిగాం, గనిలో అడిగాం, పరలోకాన్నే అడిగాం, సారా అంగడి గడప తొక్కకూడదని ఆమెను మాత్రం అడగలేదు. అధికారి మేస్త్రీని పిలిపించారు. ఆయన నిలబడి, "పోసినాను దొరా. మనిషి కొట్టుకులాడతా ఉంటే చూడలేక నోట్లో పోసినాను, గాయం మీదా పోసినాను. గుమాస్తా నోరు మూసుకోమంటే మూసుకున్నాను, నాకూ పిల్లలున్నారు" అని ఏడ్చాడు. ఆయన ఇప్పుడు ఇక్కడే మీ మధ్య కూర్చొని ఉన్నాడు, తల ఎత్తు అన్నా! నువ్వు పోసింది నా మీద జాలితోనే, నాకు తెలుసు.

నష్టపరిహారం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. దానితో మేకలు కొన్నాము, నేను వాటిని కాస్తున్నాను, కొనకనమిట్ల దారిలో ఒంటిచేత్తో కర్ర పట్టుకొని పోయేవాణ్ణి చూస్తే అది నేనే. చెయ్యి తిరిగి రాలేదు సహోదరులారా, రాదు. ఉలి చప్పుడు వినబడితే ఇప్పటికీ మేకలను వేరే దారికి మళ్లిస్తాను, ఎడమచేత్తో అన్నం తినాలంటే ఇప్పటికీ సిగ్గే. అంతా బాగైపోయిందని మీకు అబద్ధం చెప్పను.

మీలో గనిలో పని చేసేవారు, రైలుకట్ట మీద పని చేసేవారు ఉన్నారు. దెబ్బ తగిలితే దాచుకోకండి, అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయకండి, అయ్యగారిని అడగండి, అవసరమైతే గురవక్కనైనా అడగండి! నేను అడుక్కొన్న చావు లాంటి చావును మీలో ఎవరైనా ఇప్పుడు అడుక్కొంటూ ఉంటే, నా మాట వినండి, ఒక్క రోజు ఆగండి, ఆయనను నమ్మండి. ఆయన జవాబు నేను చూస్తున్న గుమ్మంలోనుండి రాలేదు, కానీ వచ్చింది. దేవునికే మహిమ!

ఆ ఉదయం నాకు ఇంకా గుర్తు రాలేదు. ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా ప్రార్థన వేళ కళ్లు మూసుకుంటే ఇప్పుడు ఖాళీ కనబడదు. గురవక్క ఎత్తి పోస్తున్న చెంబు కనబడుతుంది, కింద నా రెండు చేతులూ కలిసి ఉంటాయి, వాటిలో నీళ్లు ఉంటాయి.