పోయిన వీడియో కార్డు పేరు కొట్టేసిన రోజు

ఈ ఉదయం నా ల్యాప్‌టాప్ ఒక్కసారి రెప్ప కొట్టి, తెరను నడిపే పాత డ్రైవరు తీసేశాను, కొత్తది పెట్టుకున్నాను అని చెప్పి ఊరుకుంది. నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనంతగిరిలో కాఫీ మొక్కలు పంచే ఆఫీసులో, ఈ పనికే మేము మూడు రోజులు కురుక్షేత్రం చేశాం మరి.

మా ఆఫీసుకు ఉన్నది ఒక్కటే కంప్యూటరు. ఏనుగుపిల్లంత బరువు, అది నిద్రలేచేలోగా బొర్రా గుహల దాకా నడిచి రావచ్చు. పిడుగుకి దాని తెర మీద బొమ్మ చూపించే వీడియో కార్డు పోతే, విశాఖ మెకానిక్కు కొత్తది బిగించి బస్సెక్కేశాడు. మర్నాటి నుంచి తెర మీద ఒకటే పాట: ఫలానా ఫైలు కనబడలేదు, ఏదైనా మీట నొక్కు. నొక్కితే కాసేపట్లో అమావాస్య. లేనిదాన్ని అడుగుతోంది కదా, ఇచ్చేద్దామని పాత కార్డుతో వచ్చిన సీడీని మూడుసార్లు ఎక్కించాను. ముడి ఇంకా బిగిసింది.

మూడో రోజు మధ్యాహ్నం జీపులో మొక్కల జాబితా పాడేరు వెళ్లాలి. కొండ మీంచి తెల్లారకుండానే దిగివచ్చిన ఒక పెద్దమ్మ గుమ్మంలో కూర్చుంది. ఏడాది కిందట పోయిన భర్త పేరు తీసి ఆమె పేరు వేయకపోతే ఆ ఏడు ఆమెకు ఒక్క మొక్కా రాదు.

చివరికి సేఫ్ మోడ్ అనే అరకొర నడకలో, పనసకాయలంత అక్షరాలతో తెర తెరుచుకుంది. ప్రింటరు మాత్రం పలకదు. పరికరాల పట్టీలో చూద్దును కదా, పోయిన కార్డు పేరు మూడుసార్లు ఉంది! అడుగుతున్నది ఇదేనా, తీసేస్తే ఉన్నదీ పోతుందా? పైకే అనేశాను. వరసకు మావయ్య అయ్యే పెద్ద గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"ఒరే అల్లుడూ, ఆఫీసరు సంతకం లేకుండా పేరు కొట్టెస్తావేట్రా? ఉద్యోగం సెయ్యాలని లేదేటి?"

ఆఫీసరు క్యాంపులో ఉన్నాడు. మావయ్య మూడు ప్రతుల్లో నోటు రాయడం మొదలెట్టాడు.

"ఏటంతంది బాబూ ఆ పెట్టి?" అంది పెద్దమ్మ. పోయినవాణ్ణి పిలుస్తోంది అన్నాను.

"మా ముసిలోడి పేరు రేషన్ కార్డులో ఉండిపోనాది. డిపోకాడ ఇప్పటికీ పిలుత్తారు. పేరు కొట్టకపోతే పిలవరేటి? బేగి కొట్టెయ్, జీపెల్లిపోద్ది."

మావయ్య కలం ఆగింది. నేను కళ్లు మూసుకుని మూడు పేర్లూ తీసేశాను. యంత్రం మళ్లీ లేచింది, ఏ ప్రశ్నా లేకుండా; ప్రింటరూ పలికింది. తీసింది పాత డ్రైవరని నాకు ఆ రోజు తెలియదు.

జాబితా తెరిచాక, పెద్దమ్మ తన భర్త పేరు ఎక్కడుందో చూపించమంది. చదువు రాదు. చూపిస్తే తెర మీద ఆ పేరుకు వేలు ఆనించి కాసేపు ఉంచింది. జీపు హారను కొడుతూనే ఉంది, మావయ్య డ్రైవరును ఆగమంటూ బయటికి పరిగెత్తాడు.

"ఊఁ, ఇంక కొట్టెయ్," అంది వేలు తీసి.

ఇప్పుడు జాబితాలన్నీ ఎక్కడో, ఎవరో, క్షణంలో సరిచేస్తున్నారు. మంచిదే, కొండ దిగిరానక్కర్లేదు. కానీ వేలు ఆనించి కాసేపు ఉండేందుకు ఎవరికీ చోటు లేదు.